వెసెల్ ఎంట్రీలో లోపం చెప్పినందుకు ఉద్యోగం తీసేశారు, కేసు నిలబడుతుందా?

తమ్ముడూ, నువ్వు రాసిందంతా చదివాను. ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావాళ్లకు కూడా అర్థం కావాలని నీ సంగతి ముందు క్లుప్తంగా చెప్తాను. పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో మూడేళ్ల నాలుగు నెలలుగా ప్రొడక్షన్ ఎగ్జిక్యూటివ్‌గా చేస్తున్నావు. రియాక్టర్ అనే పెద్ద మూత ట్యాంకు (వెసెల్) కడగడానికి మనుషుల్ని లోపలికి దింపేటప్పుడు ఆక్సిజన్ చెక్ చేయకుండానే లోపలికి దిగే అనుమతి పత్రం (పర్మిట్) మీద సంతకాలు అయిపోతున్నాయని, నైట్రోజన్ లైన్‌కి బ్లైండ్ (పైపును పూర్తిగా మూసే పలక) వేయకుండా వాల్వ్ మూసి వదిలేస్తున్నారని ప్లాంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టావు. ఎవరూ పట్టించుకోకపోతే ప్లాంట్ హెడ్‌కి మెయిల్ రాశావు. మూడు వారాలు తిరగకుండానే హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి రిజైన్ చేయమన్నారు. చేయనన్నావు. మర్నాడు గేటు దగ్గర పంచింగ్ పనిచేయలేదు. పనితీరు బాగోలేదని ఒక లెటర్ చేతిలో పెట్టారు, బ్యాంకులో ఒక నెల జీతం వేశారు. కేసు వేస్తే రిలీవింగ్ లెటర్ రాదని ఫోన్లో బెదిరించారు. ఇంట్లోవాళ్లు వదిలేయమంటున్నారు.

నేను లాయర్ని కాదు. గాజువాక ప్రాంతంలో చాలా ఏళ్లుగా కార్మిక సంఘంలో పనిచేస్తూ, ఇలా తీసేసినవాళ్లను వెంటబెట్టుకుని లేబర్ ఆఫీసుకీ కోర్టుకీ తిరుగుతున్నవాణ్ణి. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఈ కేసు నిలబడుతుంది. నిలబడాలంటే ఒక పని చేయాలి. నీ ఉద్యోగం సంగతి, ఆ వెసెల్ సంగతి రెండు వేర్వేరు ఫైళ్లుగా నడపాలి. రెండూ ఒకే కాగితంలో కలిపి రాసి కలెక్టర్‌కి, లేబర్ ఆఫీసుకి, ఫ్యాక్టరీస్ డిపార్ట్‌మెంట్‌కి అదే కాపీ పంపినవాళ్లను చాలామందిని చూశాను. ప్రతి ఆఫీసూ ఇది మా పరిధి కాదని పక్క ఆఫీసుకి తోసేస్తుంది. ఆర్నెల్లు గడిచినా ఏ ఫైలూ కదలదు.

ముందు నీ మనసులో ఉన్న అనుమానం తీరాలి. అనవసరంగా నోరు తెరిచానా అని రాశావు. లేదు. గాలిలో 20.9 శాతం ఆక్సిజన్ ఉంటుంది. 19.5 కంటే తగ్గితే మామూలుగా మనిషిని లోపలికి పంపకూడదన్నది పరిశ్రమలో అందరూ పాటించాల్సిన హద్దు. నైట్రోజన్‌కి వాసన లేదు, రంగు లేదు, గొంతు మండదు. వెసెల్ నిండా అదే ఉంటే రెండు మూడు శ్వాసల్లోనే మనిషి పడిపోతాడు, పడిపోతున్నానని కూడా తెలియదు. పైనున్నవాడు పడిపోయినవాణ్ణి లాగుదామని దిగుతాడు, అతనూ పోతాడు. మూసిన వాల్వ్ లీకవుతుంది కాబట్టే బ్లైండ్ వేయమంటారు. ఇది నువ్వు కొత్తగా కనిపెట్టిన నియమం కాదు. సమర్థుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలని, లేదంటే లోపలికి దిగేవాడికి శ్వాస పరికరం, బెల్టు, తాడు ఉండి ఆ తాడు కొస బయట ఒక మనిషి చేతిలో ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ అప్పుడే చెప్పింది. నువ్వు అడిగింది అంతే కదా.

మన విశాఖకి ఈ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. 2012 జూన్‌లో స్టీల్‌ప్లాంట్ ప్రమాదంలో 19 మంది చనిపోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ స్టైరీన్ లీకై ఆర్ఆర్ వెంకటాపురంలో 12 మంది. అదే జూన్ ఆఖరులో పరవాడలో గ్యాస్ లీకై ఇద్దరు, ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసెన్షియా మందుల కంపెనీలో 17 మంది. ఎల్‌జీ పాలిమర్స్ మీద వేసిన హైపవర్ కమిటీ, ప్రమాదం తెలిసినా సైరన్ మోగించలేదని తన నివేదికలో రాసింది. ప్రమాదం జరగకముందే చెప్పినవాడు నువ్వు. నీమీద మచ్చ పడిందని అనుకోకు.

ఇప్పుడు ఉద్యోగం ఫైలు. ఇక్కడ మొదటి గండం నువ్వు దాటేశావు, రిజిగ్నేషన్ రాయలేదు. రాసి ఉంటే నేను ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదు. సంతకం పెట్టాక, అది బలవంతంగా పెట్టించారని రుజువు చేసే భారం మన మీద పడుతుంది. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షి ఎక్కడ దొరుకుతాడు? ఇది చదువుతున్నవాళ్లలో ఎవరినైనా హెచ్‌ఆర్ రూముకి పిలిచి కాగితం ముందు పెడితే, ఆలోచించుకుని చెప్తానని లేచి వచ్చేయండి. ఒకవేళ భయపడి పెట్టేసి ఉంటే అదే రోజు, కనీసం మర్నాడు, బలవంతంగా తీసుకున్నారు, వెనక్కి తీసుకుంటున్నాను అని మెయిల్ చేసి, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. వారం తర్వాత పంపితే ఆ ఉత్తరానికి విలువ బాగా తగ్గిపోతుంది.

రెండో గండం నీ హోదా. కంపెనీ లాయర్ మొదట ఎత్తుకునేది ఇదే: ఇతను ఎగ్జిక్యూటివ్, వర్కర్ కాడు, కాబట్టి లేబర్ కోర్టుకి రాకూడదు. పేరు చూసి భయపడొద్దు. హోదా పేరు ఏదైనా, నువ్వు రోజూ ప్రధానంగా చేసిన పని ఏమిటన్నదే కోర్టు చూస్తుంది. చట్టంలో వర్కర్ అనే నిర్వచనంలో చేతిపనే కాదు, టెక్నికల్, ఆపరేషనల్, క్లరికల్ పనులు కూడా ఉన్నాయి. సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18,000 రూపాయలు దాటి జీతం తీసుకునేవాళ్లను, మేనేజర్ స్థాయివాళ్లను కొత్త చట్టం, అంటే పారిశ్రామిక సంబంధాల కోడ్, ఈ నిర్వచనానికి బయట ఉంచింది. నీ జీతం 18,000 దాటింది కాబట్టి, నువ్వు సూపర్‌వైజర్‌వా కాదా అన్న దగ్గరే వాదన అంతా నడుస్తుంది. రియాక్టర్ చార్జింగ్ చేయడం, టెంపరేచర్ రాసుకోవడం, శాంపిల్ తీసి నాణ్యత పరీక్షించే విభాగానికి (క్యూసీ) పంపడం, బ్యాచ్ రికార్డు నింపడం, ఇవి ఆపరేషనల్ పనులు. ఎవరికైనా సెలవు మంజూరు చేశావా? ఎవరి అప్రైజల్ అయినా రాశావా? ఎవరికైనా మెమో ఇచ్చావా? ఈ మూడింటికీ లేదనే జవాబు వస్తే నువ్వు గట్టి నేల మీద ఉన్నట్టే. నీ అపాయింట్‌మెంట్ లెటర్, జాబ్ డిస్క్రిప్షన్ తీసి, వాటిలో ఏం రాసుందో, నిజంగా నువ్వేం చేసేవాడివో పక్కపక్కన రాసిపెట్టు. లాయర్ నిన్ను ఎక్కువసేపు అడిగేది దీని గురించే.

మూడోది, చాలామంది గమనించని విషయం. నీ బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూడు. ఒక నెల జీతం మాత్రమే పడిందన్నావు. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వర్కర్‌ని క్రమశిక్షణ చర్య కాకుండా వేరే కారణంతో తీసేస్తే, ఒక నెల నోటీసు గానీ నోటీసు జీతం గానీ ఇవ్వడంతో సరిపోదు. పూర్తిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారంగా కూడా ఇవ్వాలి. ఆర్నెల్లు దాటిన మిగులును ఒక ఏడాదిగా లెక్కిస్తారు. నీకు మూడేళ్ల నాలుగు నెలలు కాబట్టి 45 రోజుల జీతం. ఇది తీసేసే సమయానికే ఇవ్వాలి, తర్వాత ఎప్పుడో సెటిల్మెంట్‌లో కలిపి ఇస్తామంటే కుదరదు. పాత 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ సెక్షన్ ఇదే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 70వ సెక్షన్ అదే మాట చెప్తుంది. ఏ కారణంతో తీసేసినా, చట్టం చెప్పిన మినహాయింపులు తప్ప, అది రిట్రెంచ్‌మెంటే (పరిహారం ఇచ్చి తీరాల్సిన తొలగింపు) అవుతుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లోనే తేల్చింది. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నెల నోటీసుతో తీసేయొచ్చని రాసుందని నువ్వు దిగులు పడుతున్నావు. ఆ క్లాజు చట్టం కంటే పెద్దది కాదు.

పనితీరు బాగోలేదన్న మాట కూడా వాళ్లకే ఎదురు తిరుగుతుంది. నిజంగా నీ తప్పు ఉంటే షోకాజ్ ఏది? చార్జిషీట్ ఏది? ఎంక్వైరీ ఏది? పోయిన ఏడాది ఇంక్రిమెంట్ లెటర్ వచ్చిందన్నావు కదా, దాన్ని జాగ్రత్తగా దాచు. పనితీరు బాగోలేనివాడికి జీతం ఎందుకు పెంచారని అడిగితే జవాబు చెప్పాల్సింది వాళ్లు. అయితే ఒకటి తెలుసుకో. ఎంక్వైరీ చేయకపోయినా, కోర్టు ముందు సాక్ష్యం పెట్టి నీ తప్పు రుజువు చేసుకునే అవకాశం యాజమాన్యం అడగొచ్చు, కోర్టులు ఇస్తాయి కూడా. కాబట్టి బ్యాచ్ ఫెయిల్ అయిందనో, లేటుగా వచ్చావనో ఏదో ఒకటి తవ్వి తీస్తారు. నీకు గుర్తున్న చిన్నాచితకా పొరపాట్లు ఉంటే నీ లాయర్‌కి ముందే చెప్పు, కోర్టులో మొదటిసారి వినే పరిస్థితి తేవొద్దు.

అసలు బలం తేదీల్లో ఉంది. కక్షసాధింపుగా తీసేయడం, కట్టుకథ ఆరోపణలతో తీసేయడం, సహజ న్యాయసూత్రాలు పట్టించుకోకుండా హడావుడిగా తీసేయడం, ఇవన్నీ అనుచిత కార్మిక విధానాల జాబితాలో ఉన్నాయి. పాత చట్టంలో ఐదో షెడ్యూలు, కొత్త కోడ్‌లో రెండో షెడ్యూలు. కక్ష అని ఎవరూ కాగితం మీద రాసివ్వరు కదా, అందుకని అది తేదీల వరస నుంచే బయటపడాలి. వాట్సాప్‌లో పెట్టిన రోజు, మెయిల్ పంపిన రోజు, హెచ్‌ఆర్ పిలిచిన రోజు, గేటు ఆపిన రోజు, లెటర్ మీద తేదీ, నీకు అందిన తేదీ. ఒక తెల్లకాగితం మీద ఈ వరస రాసి, ప్రతి తేదీ పక్కన ఉన్న రుజువు రాయి. మూడేళ్లు ఒక్క మెమో లేదు, ఫిర్యాదు చేసిన మూడు వారాలకు తీసేశారు. ఇంతకంటే నీ కథ ఎవరికీ పెద్దగా చెప్పక్కర్లేదు.

రుజువుల విషయంలో ఫోన్ మార్చకు, అమ్మకు, రీసెట్ చేయకు. ఆ గ్రూపు నుంచి నిన్ను ఇప్పటికే తీసేసి ఉంటారు, పాత మెసేజ్‌లు నీ ఫోన్లో ఉంటాయి. చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి వేరేచోట కూడా పెట్టు. స్క్రీన్‌షాట్ ప్రింట్ ఒక్కటే చాలదు. 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, లాయర్ చూసుకుంటాడు, అసలు ఫోన్ మాత్రం నీ దగ్గరుండాలి. బెదిరించిన ఫోన్ కాల్ రికార్డు ఉంటే అది కూడా. ఇంకో హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు: బ్యాచ్ రికార్డులు, ఎస్‌ఓపీలు (పని ఎలా చేయాలో రాసిన కాగితాలు), లోపలి డ్రాయింగులు స్నేహితుల చేత ఫోటోలు తీయించి తెప్పించుకోకు. దొంగతనం, కంపెనీ రహస్యాలు అని నీ మీద ఎదురు కేసు పెట్టడానికి అదొక్కటి చాలు, ఫోటో తీసిన కుర్రాడి ఉద్యోగం కూడా పోతుంది. నీకు గుర్తున్నంత వరకు పర్మిట్ తేదీలు, వెసెల్ నంబర్లు, షిఫ్టులు రాసుకో. ఆ రికార్డులు తెచ్చి చూపించమని కంపెనీని ఆదేశించాలని కోర్టునే అడగొచ్చు. తేకపోతే దాన్నిబట్టి కోర్టు తన అభిప్రాయం తాను తీసుకుంటుంది.

ఎక్కడికి వెళ్లాలి? ప్రైవేటు ఫ్యాక్టరీ కాబట్టి రాష్ట్ర కార్మిక శాఖ, అక్కడ రాజీ అధికారి. పరవాడ మండలం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా కిందికి వెళ్లింది, ఆ సంగతి గుర్తుపెట్టుకుని దరఖాస్తు చిరునామా రాయి. స్టీల్‌ప్లాంట్, పోర్టు లాంటి చోట్ల పనిచేసేవాళ్లు, అక్కడి కాంట్రాక్టు వర్కర్లు సహా, విశాఖలోనే ఉన్న కేంద్ర లేబర్ కమిషనర్ ఆఫీసుకి వెళ్లాలి. ఈ తేడా తెలియక నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కాంట్రాక్టు వర్కర్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను, వాళ్లకు లెటర్ కూడా ఇవ్వరు, గేట్‌పాస్ ఆపేస్తారు అంతే. అలాంటప్పుడు కాంట్రాక్టర్‌తో పాటు అసలు కంపెనీని కూడా పార్టీగా చేర్చాలి. పాత గేట్‌పాస్ పారేయకండి, ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు దాచుకోండి. రోజులు లెక్కపెట్టి చూపించేది అవే.

రాజీ అధికారి రెండు పక్షాలనూ పిలుస్తారు. కొత్త కోడ్ ప్రకారం ఆయన 45 రోజుల్లో ముగించి నివేదిక ఇవ్వాలి. కుదరకపోతే నివేదిక అందిన 90 రోజుల్లో నువ్వే నేరుగా కార్మిక వివాదాలు తేల్చే పారిశ్రామిక ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, ప్రభుత్వం రిఫర్ చేయాలని ఎదురుచూడక్కర్లేదు. మన రాష్ట్రంలో తీసేసిన వర్కర్ నేరుగా లేబర్ కోర్టుకి వెళ్లే హక్కు 1987 సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ 2010లో వచ్చింది. వివాదం మొదలైన రెండేళ్లు దాటాక రాజీ అధికారి విచారణ చేపట్టకూడదు. కానీ నువ్వు రెండేళ్లు ఆగొద్దు, రెండు నెలలు కూడా ఆగొద్దు. ఆలస్యమైన కొద్దీ నీతో పనిచేసినవాళ్లు వేరే ఊళ్లకి పోతారు, సాక్ష్యం చెప్పేవాడు మిగలడు.

లాయర్ ఖర్చు గురించి రాశావు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో ఉచిత న్యాయసహాయం ఎవరికివ్వాలో రాసి ఉంది. అందులో ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, దివ్యాంగులతో పాటు పారిశ్రామిక కార్మికుడు కూడా ఉన్నాడు. జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న న్యాయసేవాధికార సంస్థకి వెళ్లి దరఖాస్తు పెట్టు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. మన కార్మికుల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే.

రెండో ఫైలు, వెసెల్ ఫైలు. ఇందులో నీ ఉద్యోగం గురించి ఒక్క ముక్క రాయకు. ఫ్యాక్టరీస్ డిపార్ట్‌మెంట్‌కి రాయి: ఏ బ్లాకు, ఏ వెసెల్, ఏ తేదీ, ఏ షిఫ్టు, ఆక్సిజన్ రీడింగ్ లేకుండా ఎంతమంది దిగారు, బ్లైండ్ ఉందా లేదా. భద్రతా చర్యలు తీసుకోవడం లేదు అని గాలిమాటగా రాస్తే ఇన్‌స్పెక్టర్ ఏం చూడాలి? నువ్వు ఉద్యోగంలో ఉండగానే ఈ హక్కు నీకుంది. ప్రాణాలకు తక్షణ ప్రమాదం ఉందని అనుమానం వస్తే యాజమాన్యానికి చెప్తూ అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కి కూడా చెప్పే హక్కు భోపాల్ తర్వాత 1987లో 41హెచ్ సెక్షన్‌గా వచ్చింది, ఇప్పటి వృత్తి భద్రత కోడ్ 14వ సెక్షన్‌లో అది ఉంది. ఫిర్యాదు చేసింది ఎవరో ఇన్‌స్పెక్టర్ బయటపెట్టకూడదని కూడా 1948 చట్టంలో 118ఎ సెక్షన్ చెప్పింది. ఇంకా లోపల పనిచేస్తూ ఇది చదువుతున్నవాళ్లారా, వాట్సాప్ గ్రూపుతో ఆపకండి. మెయిల్ పెట్టినప్పుడే ఇన్‌స్పెక్టర్‌కి కూడా పంపండి. అప్పుడు మీ ఫిర్యాదు కంపెనీ సర్వర్లో మాయమైపోయే మెసేజ్‌గా మిగలదు, ప్రభుత్వ ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబరు పడిన కాగితం అవుతుంది. తర్వాత తీసేస్తే ఆ నంబరే మీ తరఫున మాట్లాడుతుంది.

ఇన్‌స్పెక్షన్ జరిగాక ఏం రాశారో సమాచార హక్కు కింద అడుగు. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. నువ్వు చెప్పిన లోపం అందులో కనిపించిందంటే ఉద్యోగం ఫైలులో అది గొప్ప సాక్ష్యం. రెండు ఫైళ్లూ కలవాల్సింది అక్కడే, అప్పుడే. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకో.

మీ కంపెనీ షేర్ మార్కెట్‌లో లిస్టయిందేమో చూడు. లిస్టెడ్ కంపెనీల్లో 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ ప్రకారం విజిల్ మెకానిజం (లోపల జరిగే తప్పుల మీద ఫిర్యాదు చేసే ఏర్పాటు) ఉండాలి, ఫిర్యాదు చేసినవాణ్ణి వేధించకుండా రక్షణ ఉండాలి, అవసరమైతే ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కి నేరుగా రాసే దారి ఉండాలి. ఆ పాలసీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ప్లాంట్ హెడ్ స్థాయిలో తొక్కేసిన విషయం డైరెక్టర్ల దాకా వెళ్తే, కోర్టు దాకా రాకుండా మాట్లాడుకుందామని కబురు వచ్చిన సందర్భాలు నాకు తెలుసు. దీనిమీదే ఆశ పెట్టుకోకు, ఒక మెయిల్ మాత్రం పంపు.

రిలీవింగ్ లెటర్ బెదిరింపుకి లొంగొద్దు. పర్మనెంట్ వర్కర్‌ని తీసేసినా సర్వీస్ సర్టిఫికెట్ ఇవ్వాలని మోడల్ స్టాండింగ్ ఆర్డర్లలో (ఉద్యోగ షరతులపై ప్రభుత్వం ఇచ్చిన నమూనా నియమాల్లో) ఉంది. నీ పీఎఫ్ పాస్‌బుక్, పేస్లిప్పులు, ఫారం 16 నువ్వక్కడ పనిచేశావని చెప్తాయి. బకాయి జీతం తీసేసిన రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెప్తోంది, అది రాకపోతే రాతపూర్వకంగా అడుగు. అకౌంట్‌లో పడిన నెల జీతం తీసుకుంటున్నాను గానీ తొలగింపును ఒప్పుకోవడం లేదు అని ఒక మెయిల్ ఈ రోజే పెట్టు. నో డ్యూస్, ఫుల్ అండ్ ఫైనల్ (ఆఖరి లెక్క తేల్చే) కాగితాల్లో ఇక నాకు ఏ క్లెయిమూ లేదన్న వాక్యం ఉంటుంది, దానికింద సంతకం పెట్టకు.

అమ్మానాన్నలకి ఏం చెప్పాలి? వాళ్ల భయం తప్పు కాదు. ఇంటి ఖర్చులున్నాయి, నీ పెళ్లి మాటలు నడుస్తున్నాయని రాశావు. కేసు వేసినంత మాత్రాన ఇంట్లో కూర్చోవాలని లేదు, ఇంకో ఉద్యోగం చూసుకో, చేరు. ఆ సంగతి కోర్టుకి దాచకు, అంతే. అన్యాయంగా తీసేశారని తేలితే మామూలుగా ఉద్యోగం, సర్వీసు, బయట ఉంచిన కాలానికి జీతం ఇవ్వాలని 2013లో దీపాలీ గుండు సుర్వసే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్కడా సంపాదన లేదని మొదట చెప్పాల్సింది ఉద్యోగి, ఉందని రుజువు చేయాల్సింది యాజమాన్యం. అయినా నిజం చెప్తాను, కోర్టుల్లో ఏళ్లు పడుతుంది, చాలాసార్లు ఉద్యోగం బదులు ఒకేసారి కొంత డబ్బు ఇప్పించి ముగిస్తారు. రాజీ అధికారి దగ్గరే మంచి సెటిల్మెంట్ వస్తే తీసుకోవడం ఓటమి కాదు. డబ్బు ఒక్కటే అడగకు. తొలగింపు లెటర్ వెనక్కి తీసుకోవాలని, మామూలు రిలీవింగ్ లెటర్, అనుభవ సర్టిఫికెట్ ఇవ్వాలని, కొత్త కంపెనీ అడిగితే చెడుగా చెప్పకూడదని రాయించుకో. అధికారి ముందు సంతకాలయ్యేదాకా నోటిమాట నమ్మొద్దు. వెసెల్ ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలన్న షరతు పెడితే మాత్రం ఒప్పుకోకు. ఆ బ్లాకులో నీ స్నేహితులు ఇంకా దిగుతున్నారు.

అపాయింట్‌మెంట్ లెటర్, తొలగింపు లెటర్, ఇంక్రిమెంట్ లెటర్, ఆఖరి ఆరు నెలల పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, నేను చెప్పిన తేదీల కాగితం తీసుకుని ఈ వారంలోనే మీ ప్రాంతంలోని ఏ కార్మిక సంఘం ఆఫీసుకైనా వెళ్లు. నువ్వు సభ్యుడివి కాకపోయినా వింటారు. దరఖాస్తు రాశాక పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టు, ఎక్కడైనా సరిచేయాలంటే చెప్తాను.